అరకులో ఉద్యోగం, ఆదివారం సంగతి



డుంబ్రిగూడ మండలంలో టీచరుగా చేరావనీ, సెలవు రోజుల్లో అక్కడ ఏం చూడాలో నన్నడగమన్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది.

మైదానం నుంచి ఏజెన్సీకి వచ్చే టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు మొదట్లో రెండు రకాలుగా ఉంటారు. కొందరు శనివారం సాయంత్రం బస్సెక్కి విశాఖ దిగిపోతారు, సోమవారం పొద్దున్నే నిద్రకళ్లతో ఘాట్ ఎక్కుతారు. ఇంకొందరు రెండు ఆదివారాల్లోనే బొర్రా గుహలు, పద్మాపురం గార్డెన్స్, గిరిజన మ్యూజియం, చాపరాయి చుట్టేసి, మూడో వారానికల్లా ‘ఇంకేముందిక్కడ’ అని పెదవి విరుస్తారు. టూరిస్టుకైతే తప్పదు, వాళ్ల చేతిలో రెండు రోజులే ఉంటాయి. ఉద్యోగికి ఏడాదంతా ఉంది. తొందర దేనికి?

చైనాలో ఉద్యోగాలు చేసే మనవాళ్లకు ఈ సంగతి బేగినే బోధపడుతుంది. అక్కడ 1999 నుంచి అక్టోబరు 1 జాతీయ దినోత్సవానికి వరసగా వారం రోజుల సెలవులు. దేశం దేశమంతా ఒక్కసారే రోడ్డెక్కుతుంది. రైలు టికెట్టు దొరకదు, చైనా గోడ మీద కాలు పెట్టే చోటుండదు. ఆ వారం ఇంటిపట్టున ఉండి, మామూలు శనివారాల్లో తిరిగేవాడే అక్కడ తెలివైనవాడు. డిసెంబరు, జనవరి ఆదివారాల్లో పాడేరు పక్కన వంజంగి కొండదీ అదే వరస. మేఘాల సముద్రాన్ని చూడ్డానికి చీకటితోనే కార్లు బారులు తీరతాయి. స్థానిక సెలవు నాడో, వారం మధ్యలో ఒక సీఎల్ పెట్టుకునో వెళ్లే టీచరుకి అదే కొండ ఖాళీగా దొరుకుతుంది.

రైలు ప్రయాణం మాత్రం పండగ సెలవుల తర్వాత డ్యూటీకి తిరిగి వచ్చేటప్పుడు పెట్టుకోవాలి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను ఇది. సొరంగాలు దాటుకుంటూ 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషను మీదుగా అరకు చేరుతుంది. 2017లో తగిలించిన అద్దాల బోగీ కోసం టూరిస్టులు ఎగబడతారు గానీ, మామూలు పెట్టెలో కిటికీ పక్క సీటు దొరికితే దానికేం తక్కువ? దారిలో బొర్రా దగ్గరే గోస్తనీ నది పుట్టుక. ఆ నీళ్లే తాటిపూడి జలాశయంలో చేరి విశాఖ కుళాయిల్లోకి వస్తాయి, మిగిలినవి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తాయి. బొర్రాకి పిల్లల్ని తీసుకెళ్లే టీచరు లోపలి శివలింగంతో పాటు ఈ కథ కూడా చెబితే బాగుంటుంది. పద్మాపురం తోటలో బొమ్మ రైలెక్కే పిల్లలకూ చెప్పడానికో సంగతుంది. 1942లో, రెండో ప్రపంచ యుద్ధం నాడు, సైనికులకు కూరగాయలు పండించడానికి వేసిన తోట అది.

అన్నిటికంటే ముందు చూడాల్సింది మాత్రం వారపు సంత. దీనికి టికెట్టు లేదు, బోర్డు లేదు. తెల్లారకుండానే కొండల మీది ఊళ్ల నుంచి జనం కావిళ్లతో, తలమీద గంపలతో దిగుతారు. నేలమీద గోనె పరిచి పసుపు, పిప్పళ్లు, రాజ్మా, చింతపండు, కొండచీపుర్లు కుప్పలు పోస్తారు. ఒకామె సోలతో గింజలు కొలిచి, పైన ఇంకో గుప్పెడు వేసి కొనేవాళ్ల మొహం చూస్తుంది. ఆ గుప్పెడు దగ్గరే బేరం తెగుతుంది. చుట్టూ తెలుగు, ఆదివాసీ ఒడియా, కువి కలిసి వినపడుతుంటాయి. నాలుగు వారాలు వరసగా సంతకు పోయిన టీచరుకి బడిపిల్లల తల్లిదండ్రులు సగం మంది తెలిసిపోతారు. పేరెంట్స్ మీటింగుకి రానివాళ్లు కూడా అక్కడ కనపడతారు మరి.

ఇక థింసా. రిసార్టుల్లో చలిమంట ముందు టూరిస్టుల కోసం ఆడేదీ థింసాయే, కళాకారులకు నాలుగు డబ్బులొస్తే మంచిదే. కానీ ఊళ్లో చైత్రమాసపు ఇటుకల పండుగ నాడు చూసినవాళ్లకు అది వేరే ఆట. మోరి, కిరిడి, తుడుము మోగుతుంటే ఆడవాళ్లు ఒకరి వెనక నుంచి ఒకరు నడుం చుట్టూ చేతులు వేసి, పొడవాటి వరసగా వంగి లేస్తూ కదులుతారు. కొత్తవాళ్లు ఆ వరసలో చొరబడి అడుగు తప్పితే నవ్వుతారే గానీ కోప్పడరు. ఆ రోజుల్లో రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి ఆడవాళ్లు బళ్లు ఆపి పండుగ డబ్బులు అడుగుతారు. పది రూపాయల నోట్లు దగ్గరుంచుకోవాలి, హారను కొట్టకూడదు. ఫోటో మాత్రం అడిగి తీయాలి. ముసలివాళ్ల ముక్కుపోగుల్ని దగ్గరగా ఫోను పెట్టి తీసే అలవాటు టూరిస్టులదే, ఊరి టీచరుకి తగదు.

కొండల అందం కూడా నెలల లెక్కన వస్తుంది. నవంబరులో వలిసె పూలు పొలాల్ని పసుపుపచ్చగా కప్పేస్తాయి, సెల్ఫీల కోసం జనం చేలు తొక్కేస్తారు, గట్టు మీదే నిలబడితే రైతుకి నష్టం లేదు. శీతాకాలమంతా కాఫీ పండ్ల కోత. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటికి పాకిన మిరియాల తీగల పక్కన, ఎర్రగా పండినవాటినే ఏరి కోస్తారు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు కాఫీ ఇదే. వేసవి మొదట్లో ఒక వాన పడగానే అవే మొక్కలు మల్లెల్లా తెల్లగా పూస్తాయి, నాలుగు రోజుల్లో రాలిపోతాయి. ఆ నాలుగు రోజులూ టూరిస్టులకు అందవు, అక్కడ ఉద్యోగం చేసేవాళ్లకే దొరుకుతాయి.

లంబసింగికి అందరూ మంచు కోసం వెళ్తారు. ఆ దారి చరిత్ర తెలిసినవాళ్లు తక్కువ. నర్సీపట్నం నుంచి పైకి రోడ్డు వేయించినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండజనం చేత వెట్టి చేయించి కూలీ ఎగ్గొట్టాడు. మన్యం తిరుగుబాటుకి ఆ కడుపుమంట ఒక కారణం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదట కొట్టింది చింతపల్లి పోలీస్ స్టేషన్నే. లంబసింగి ఉన్నది ఆ చింతపల్లి మండలంలోనే. చలిమంట కాచుకుని తిరిగొచ్చేవాళ్లు తోవలో కృష్ణదేవిపేట వైపు మళ్లి ఆయన సమాధి కూడా చూడొచ్చు.

జాగ్రత్తలు రెండు మూడే. వానాకాలంలో చాపరాయి గెడ్డ మీద పాచి పట్టిన బండలు కాళ్ల కింద నిలవవు. జారినవాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ నెలల్లో ఘాట్ మీద కొండచరియలు విరిగి పడతాయి గనక సాయంత్రం చీకటి పడకముందే ఇల్లు చేరాలి. జీలుగు కల్లు ఆప్యాయంగా ఇస్తారు, వద్దనుకుంటే నవ్వుతూ చెయ్యి అడ్డం పెడితే చాలు, ఎవరూ బలవంతం చేయరు. చలిజ్వరం వస్తే పారాసెటమాల్ వేసుకుని పడుకోకుండా అదే రోజు పీహెచ్‌సీలో రక్తపరీక్ష చేయించుకోవాలి, మన్యంలో మలేరియా ఇంకా పోలేదు. దోమతెర ఈ వారమే బస్సు పార్శిల్లో పంపిస్తున్నాను.

ఇట్లు,
పెద్దనాన్న