భద్రతకై ఒక అన్వేషణ

పాఠ్యభాగ ఉద్దేశం

మానవుని ఆజ్ఞ కోసం ఎదురుచూచే దశ నుండి స్వయంగా నిర్ణయాలు తీసుకొనే దశకు యంత్రాలు చేరుకొంటున్నాయి. ఈ పరిణామం ప్రాణరక్షణకు తోడ్పడాలంటే సాఫ్ట్‌వేర్ రచనలో ఎట్టి వివేకం అవసరమో, ఆ వివేకాన్ని ఒక శాస్త్రంగా తీర్చిదిద్దడానికి ఒక పరిశోధకురాలు చేసిన కృషి ఎట్టిదో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

అది 1980వ సంవత్సరం. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ ప్రాంగణంలో, కంప్యూటర్ శాస్త్ర విభాగానికి ఒక అధ్యాపకురాలు కొత్తగా వచ్చి చేరారు. చేరిన మొదటి వారంలోనే ఆమెకు ఒక ఫోను వచ్చింది. ఫోను చేసిన వ్యక్తి హ్యూస్ విమాన నిర్మాణ సంస్థలో భద్రతా వ్యవహారాలు చూచే ఇంజనీరు. నీటి అడుగున దూసుకుపోయే టార్పెడో అనే ఆయుధంలోని సాఫ్ట్‌వేర్ వలన ప్రమాదం కలుగకుండా చూడడం ఎట్లా అన్నది ఆయన సమస్య. అప్పటికే ఆయన పలువురు ఆచార్యులను అడిగారు. ఒకరు మరొకరిని చూపగా, చివరి ఆశగా ఈమెను ఆశ్రయించారు. ఆ విషయం గురించి తనకు ఏమీ తెలియదనీ, తన పరిశోధన వేరొక రంగానికి చెందినదనీ ఆమె దాపరికం లేకుండా చెప్పారు. అయినా సమస్యను పరిశీలించడానికి సిద్ధమేనన్నారు. ఆ ఒక్క మాట ఆమె జీవితగమనాన్నే మార్చివేసింది. ఆ అధ్యాపకురాలే నాన్సీ లెవెసన్.

లెవెసన్ లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రం, నిర్వహణశాస్త్రం అభ్యసించి, 1980లో కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేటు పొందారు. ఆనాటికి కంప్యూటర్లు ప్రధానంగా లెక్కలు కట్టడానికి, వివరాలు భద్రపరచడానికి ఉపయోగపడేవి. అట్టి కంప్యూటరు పొరపడితే కాగితం మీద తప్పుడు అంకె పడుతుంది. దానిని దిద్దుకొనే అవకాశం ఉంటుంది. కాని విమానాన్ని నడిపే, రోగికి చికిత్స చేసే, కర్మాగారంలో పీడనాన్ని అదుపు చేసే కంప్యూటరు పొరపడితే జరిగే నష్టాన్ని దిద్దుకొనే వీలుండదు. గణనశక్తికీ భౌతిక ప్రపంచానికీ ముడివేసే ఇట్టి నిర్మాణాలకు 2006 ప్రాంతంలో ‘సైబర్ ఫిజికల్ వ్యవస్థలు’ అనే పేరు వచ్చింది. ఆ పేరు పుట్టడానికి పాతికేళ్లు ముందే లెవెసన్ వాటి మంచిచెడ్డల విచారణకు పూనుకొన్నారు.

సాఫ్ట్‌వేర్ దోషాలను ఎదుర్కోవడానికి ఆ రోజుల్లో ఒక ఉపాయం ప్రచారంలో ఉండేది. ఒకే పనికి వేర్వేరు వ్యక్తుల చేత వేర్వేరు ప్రోగ్రాములు వ్రాయించి, అన్నింటినీ కలిపి నడిపి, ఎక్కువ ప్రోగ్రాములు ఇచ్చిన సమాధానాన్ని స్వీకరించడమే ఆ ఉపాయం. ఒకరు చేసిన తప్పు మరొకరు చేయరన్న నమ్మకమే దీనికి పునాది. జాన్ నైట్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి లెవెసన్ ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. రెండు విశ్వవిద్యాలయాల విద్యార్థులు విడివిడిగా వ్రాసిన 27 ప్రోగ్రాములను పది లక్షల సార్లు పరీక్షించారు. ఒకరితో ఒకరు సంప్రదించకుండానే పలువురు ఒకే తావున తడబడినట్లు తేలింది. దారిలో గుంత ఉన్నచోటనే బాటసారులందరి కాలూ మడతపడినట్లు, సమస్యలో చిక్కు ఉన్నచోటనే వేర్వేరు బుద్ధులు కూడా పొరపడుతున్నాయి. 1986లో వెలువడిన ఈ ఫలితాలు ఆ ఉపాయాన్ని నమ్మినవారికి రుచించలేదు. తీవ్రమైన విమర్శలు వచ్చాయి. పరిశోధకులిద్దరూ తమ నిర్ణయానికి కట్టుబడి, ఆ విమర్శలకు 1990లో సహేతుకంగా సమాధానం ప్రకటించారు.

ఇదే కాలంలో థెరాక్ 25 అనే వైద్యయంత్రం వలన అత్యంత విషాదకరమైన సంఘటనలు జరిగాయి. కెనడా ప్రభుత్వ రంగ సంస్థ తయారుచేసిన ఈ యంత్రం కిరణాలతో క్యాన్సర్ రోగులకు చికిత్స చేసేది. 1985 జూన్ నుండి 1987 జనవరి వరకు ఆరుగురు రోగులు దీనివలన మితిమీరిన కిరణాల తాకిడికి గురయ్యారు. వారిలో కనీసం ముగ్గురు మరణించారు. యంత్రం అధిక మోతాదు ఇవ్వడం అసంభవమని తయారీదారులు మొదట గట్టిగా నమ్మారు.

1986 మార్చి 21న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, టైలర్ నగరంలోని ఒక వైద్యశాలలో జరిగినది ఇట్లా ఉంది. యంత్రాన్ని నడిపే ఉద్యోగిని ఒక అక్షరానికి బదులు మరొక అక్షరం టైపు చేశారు. వెంటనే గమనించి, చురుకుగా దిద్దుకొన్నారు. లోపలి అయస్కాంతాలు సర్దుకొనడానికి సుమారు 8 సెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో జరిగిన దిద్దుబాటును సాఫ్ట్‌వేర్ పూర్తిగా గ్రహించలేకపోయింది. తెర మీద ‘లోపం 54’ అన్న ముక్తసరి సందేశం కనబడింది. ఇచ్చిన మోతాదు చాలా తక్కువని కూడా తెర చూపింది. ఇట్టి సందేశాలు ఆ యంత్రంలో నిత్యకృత్యం కావడం చేత ఆమె చికిత్సను కొనసాగించారు. రోగికి నిర్ణయించిన మోతాదు 180 రాడ్లు. ఆయన శరీరానికి తగిలినది 16,500 నుండి 25,000 రాడ్ల వరకు ఉండవచ్చునని తరువాత అంచనా కట్టారు. కొన్ని నెలలకు ఆయన కన్నుమూశారు.

యంత్రాన్ని పరీక్షించినవారికి ఏ దోషమూ కనబడలేదు. అది తిరిగి వాడుకలోకి వచ్చింది. ఏప్రిల్ 11న అదే గదిలో మరొక రోగి అదే ప్రమాదానికి లోనయ్యారు. అప్పుడు ఆ వైద్యశాలలోని భౌతికశాస్త్రవేత్త, ఆ ఉద్యోగిని కలిసి పట్టుదలతో పదేపదే ప్రయత్నించి, దిద్దుబాటు వేగంగా జరిగినప్పుడే లోపం తలెత్తుతోందని కనుగొన్నారు. పరీక్షకులు నెమ్మదిగా టైపు చేశారు కాబట్టి వారికి లోపం దొరకలేదు. అనుభవం చేత ఆమె వేళ్లకు అబ్బిన నేర్పే దాగి ఉన్న దోషాన్ని బయటపెట్టింది.

క్లార్క్ టర్నర్ అనే పరిశోధకునితో కలిసి లెవెసన్ ఈ ప్రమాదాలను కూలంకషంగా పరిశోధించి, 1993లో సుదీర్ఘమైన వ్యాసం ప్రకటించారు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగు అభ్యసించేవారు నేటికీ చదివే వ్యాసమది. దానిలోని విశేషాంశం ఒకటి ఉంది. అదే దోషం థెరాక్ 20 అనే పూర్వపు యంత్రంలోనూ ఉంది. కాని అందులో ప్రమాదాన్ని అడ్డుకొనే విద్యుత్, యాంత్రిక రక్షణలు విడిగా ఉండడం చేత ఫ్యూజులు కాలిపోయేవే తప్ప రోగికి హాని కలుగలేదు. కొత్త యంత్రంలో ఆ రక్షణలలో పలువాటిని తొలగించి, భారమంతా సాఫ్ట్‌వేర్ మీద మోపారు. ఒక్క దోషాన్ని పట్టి సరిచేసినంత మాత్రాన యంత్రం సురక్షితం కాదని వ్యాసకర్తలు హెచ్చరించారు. ఈ హెచ్చరిక ఎంత యథార్థమో చెప్పడానికి 1987 జనవరి నాటి ప్రమాదమే తార్కాణం. అది వేరొక దోషం వలన జరిగింది.

ఈ అనుభవాల నుండి లెవెసన్ ఒక మౌలిక సత్యాన్ని గ్రహించారు. నమ్మకంగా పనిచేయడం వేరు, సురక్షితంగా పనిచేయడం వేరు. ఏ భాగమూ చెడిపోకుండానే ప్రమాదం జరగవచ్చు. 1999 డిసెంబరులో అంగారక గ్రహం మీద దిగబోతూ నశించిన మార్స్ పోలార్ ల్యాండర్ అనే వ్యోమనౌక ఇందుకు నిదర్శనం. కాళ్లు విచ్చుకొన్నప్పుడు కలిగిన కుదుపును సాఫ్ట్‌వేర్ నేలను తాకిన గుర్తుగా భావించి, నౌక ఇంకా 40 మీటర్ల ఎత్తులో ఉండగానే ఇంజన్లను ఆపివేసి ఉంటుందని విచారణ సంఘం నిర్ణయించింది. కాళ్లు విచ్చుకొన్నాయి; సాఫ్ట్‌వేర్ తనకు చెప్పినట్లే చేసింది. ఎవరి పని వారు సక్రమంగా చేసినా, వాటి పొందిక కుదరనందువలన నౌక నష్టమైంది.

అందువలన భద్రతను విడివిడి భాగాలలో వెదకక, మొత్తం వ్యవస్థ అదుపులో వెదకాలని ఆమె 2004లో ‘స్టాంప్’ అనే సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. దాని ఆధారంగా ‘ఎస్‌టీపీఏ’ అనే విశ్లేషణ పద్ధతిని రూపొందించారు. రైల్వే గేటును ఉదాహరణగా తీసుకొంటే ఇది సులభంగా బోధపడుతుంది. గేటు మూయడమనే చర్య నాలుగు విధాల ప్రమాదకరం కావచ్చు. రైలు వస్తుండగా మూయకపోవడం మొదటిది. బండి పట్టాల నడుమ ఉండగా మూయడం రెండవది. రైలు సమీపించిన తరువాత ఆలస్యంగా మూయడం మూడవది. రైలు పూర్తిగా దాటకముందే తెరవడం నాలుగవది. వీటిలో ఏ ఒక్కదానికీ గేటు విరిగిపోనవసరం లేదు. గేటు మూసే వ్యక్తికి గానీ యంత్రానికి గానీ రైలు ఎక్కడున్నదో సరైన సమాచారం అందకపోతే చాలు. ఇట్టి సందర్భాలను నిర్మాణానికి ముందే ఊహించి, నివారణ మార్గాలను ఏర్పరచడమే ఈ పద్ధతిలోని సారం.

లెవెసన్ పరిశోధన గ్రంథాలకే పరిమితం కాలేదు. ఆకాశంలో విమానాలు ఢీకొనకుండా హెచ్చరించే టీకాస్ వ్యవస్థ ఎట్లా ప్రవర్తించాలో స్పష్టంగా నిర్దేశించే పత్రాన్ని ఆమె బృందం రూపొందించింది. 2005లో టెక్సాస్ సిటీలోని చమురుశుద్ధి కర్మాగారంలో జరిగిన పేలుడులో 15 మంది మరణించగా, ఆ సంస్థ భద్రతా విధానాలను సమీక్షించిన సంఘంలో ఆమె సభ్యురాలు. అర్వైన్ నుండి వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికీ, అటుపై మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకూ వెళ్లి, అక్కడ విమాన, అంతరిక్ష శాస్త్ర విభాగంలో ఆచార్యత్వం వహించారు. కృత్రిమ మేధకు ఆద్యులలో ఒకరైన ఆలెన్ న్యూవెల్ పేరిట ఇచ్చే పురస్కారం 1999లో ఆమెను వరించింది. 2000లో అమెరికా జాతీయ ఇంజనీరింగ్ అకాడమీకి ఎన్నికయ్యారు. 1995లో ‘సేఫ్‌వేర్’ను, ఆ తరువాత తమ సిద్ధాంతాన్ని సమగ్రంగా వివరించే మరొక గ్రంథాన్ని రచించారు. లోకోపకారం కోరి ఆ రెండవ గ్రంథాన్ని ఎవరైనా ఉచితంగా చదువుకొనేటట్లు అందుబాటులో ఉంచారు.

కృత్రిమ మేధ విస్తరించిన ఈ కాలంలో ఆమె లేవనెత్తిన ప్రశ్న మరింత పదునెక్కింది. పూర్వపు ప్రోగ్రాములో ప్రతి అడుగునూ మానవుడే వ్రాసేవాడు. నేటి మేధాయంత్రం అసంఖ్యాకమైన ఉదాహరణలను చూచి తానే నేర్చుకొంటుంది. ఆ నేర్చినదానిని పంక్తి పంక్తిగా చదివి పరీక్షించడం అసాధ్యం. 2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని టెంపీ నగరంలో, పరీక్షార్థం తిరుగుతున్న స్వయంచాలిత కారు సైకిలు నడిపించుకొంటూ రోడ్డు దాటుతున్న ఒక స్త్రీని ఢీకొనగా ఆమె మరణించింది. ఆ వ్యవస్థ 5.6 సెకన్ల ముందే ఆమెను గుర్తించింది. కాని ఒకసారి వాహనమనీ, ఒకసారి సైకిలనీ, మరొకసారి తెలియని వస్తువనీ భావిస్తూ పోయింది. నిర్ణీత స్థలంలో కాక మరొకచోట మనుషులు రోడ్డు దాటవచ్చునన్న ఊహ దాని నిర్మాణంలోనే లేదని దర్యాప్తు తేల్చింది. కారులో పర్యవేక్షణకై కూర్చున్న వ్యక్తి దృష్టి సెల్‌ఫోను మీద ఉంది. అట్టి ఏమరుపాటును కనిపెట్టే ఏర్పాటును సంస్థ తగినంతగా చేయలేదు. థెరాక్ కథలోవలెనే ఇక్కడ కూడా యంత్రం, మనిషి, సంస్థ కలిసిన వ్యవస్థ అంతటా లోపం వ్యాపించి ఉంది.

ప్రమాదం జరిగినప్పుడు చివరిగా మీట నొక్కినవారిని నిందించడం లోకరీతి. ఆ నింద అసలు కారణాన్ని మరుగుపరచి, రేపటి ప్రమాదానికి తావిస్తుందని లెవెసన్ బోధన. యంత్రం ఏమి చేయాలో నిర్ణయించేవారే అది ఏమి చేయరాదో కూడా ముందుగా నిర్ణయించాలి. తెలుగునాట ఏటా వేలాది విద్యార్థులు సాఫ్ట్‌వేర్ విద్య వైపు అడుగులు వేస్తున్నారు. వారు వ్రాయబోయే ప్రోగ్రాముల చెంత ఏనాడో ఒకనాడు ఎవరో ఒక రోగి పడుకొని ఉండవచ్చు. ఎవరో ఒక బాటసారి రోడ్డు దాటుతుండవచ్చు. అప్పుడు వారికి అక్కరకు వచ్చేది, తెలియనిదానిని తెలియదని ఒప్పుకొని, తెలుసుకొనేవరకు విశ్రమించని స్వభావం. 1980లో ఒక ఫోనుకు బదులు పలికిన అధ్యాపకురాలి వద్ద ఆనాడు ఉన్న ఏకైక ధనం అదే.

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. థెరాక్ 25 ప్రమాదాలకు దారితీసిన కారణాలను వివరించండి.
2. భద్రతను గురించి నాన్సీ లెవెసన్ ప్రతిపాదించిన భావాలను సోదాహరణంగా తెలపండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. 27 ప్రోగ్రాముల పరీక్ష వలన ఏమి తేలింది?
2. రైల్వే గేటు ఉదాహరణను మీ మాటల్లో వ్రాయండి.

ఇ. సందర్భ సహిత వ్యాఖ్యలు
1. నమ్మకంగా పనిచేయడం వేరు, సురక్షితంగా పనిచేయడం వేరు.
2. ఆ ఒక్క మాట ఆమె జీవితగమనాన్నే మార్చివేసింది.

ఈ. సంధులు
అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి
లోకోపకారం = లోక + ఉపకారం – గుణసంధి
ఏకైక = ఏక + ఏక – వృద్ధిసంధి
పరీక్షార్థం = పరీక్షా + అర్థం – సవర్ణదీర్ఘ సంధి