గోదావరి డెల్టా నేలల పొరలు: అవక్షేప రవాణా నేర్పే పాఠం

పరిచయం

మట్టి నమూనా యాంత్రిక విశ్లేషణలో, కొలజాడీలో బాగా కలిపిన మట్టినీటిని నిలకడగా ఉంచి, నిర్ణీత సమయానికి 10 సెం.మీ. లోతు నుండి పిపెట్‌తో నమూనా తీయడం విద్యార్థులందరికీ పరిచయమే. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 0.02 మి.మీ. వ్యాసం గల కణాలు ఆ లోతును దాటడానికి సుమారు 5 నిమిషాలు పడితే, 0.002 మి.మీ. బంకమట్టి కణాలకు సుమారు 8 గంటలు పడుతుంది. కణ వ్యాసం పదో వంతుకు తగ్గితే అది కిందకు దిగే వేగం నూరో వంతుకు తగ్గుతుందన్న స్టోక్స్ సూత్రమే దీనికి ఆధారం. జాడీలో జరిగే ఈ వేర్పాటే నదిలోనూ జరుగుతుంది. డెల్టాలో పక్కపక్క పొలాల నేలలు భిన్నంగా ఉండడానికి ఇదే ముఖ్య కారణం.

రవాణా

నాసిక్ జిల్లా త్ర్యంబకం వద్ద పుట్టిన గోదావరి 1465 కి.మీ. ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఎగువన దక్కన్ బసాల్ట్ శిలలు శైథిల్యం చెంది నల్లని బంకమట్టినిస్తాయి. దిగువనున్న ఇసుకరాళ్లు, గ్రానైట్, నైస్ శిలల నుండి ఇసుక వస్తుంది. ఇసుక ప్రధానంగా నది అడుగున దొర్లుతూ, గెంతుతూ కదులుతుంది. బంకమట్టి నీటిలో తేలియాడుతూ పోతుంది. బంకమట్టి కణాలు ఒకదానినొకటి అంటిపెట్టుకొని ఉండడం వల్ల వాటిని కోయడానికి, సన్నని ఇసుకను కదిలించడానికి కావలసిన దానికన్నా ఎక్కువ వేగం అవసరం. ఒకసారి నీటిలో కలిస్తే మాత్రం అతి తక్కువ వేగంలోనూ అవి ప్రయాణిస్తాయి.

నిక్షేపణ, భూస్వరూపాలు

పాపికొండల ఇరుకు లోయ దాటి పోలవరం వద్ద మైదానంలోకి రాగానే నది విస్తరించి వేగం తగ్గుతుంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వరదనీరు గట్టు పొర్లినప్పుడు వేగం ఒక్కసారిగా పడిపోయి, సన్నని ఇసుక, సిల్ట్ పాయ ఒడ్డునే దిగి సహజమైన మెరక ఏర్పడుతుంది. బంకమట్టి దూరంగా ఉన్న పల్లపు భూములకు చేరుతుంది. పాయల నడుమ ఇసుక, ఒండ్రు పేరుకొని లంకలు ఏర్పడతాయి. సముద్రతీరంలో అలలు ఇసుకను తీరానికి సమాంతరంగా దిబ్బలుగా పేరుస్తాయి. నేడు లోతట్టున కనిపించే అటువంటి దిబ్బలు పూర్వపు తీరరేఖలకు గుర్తులు. కాకినాడ అఖాతానికి అడ్డుగా ఉన్న హోప్ ఐలాండ్ కూడా ఇసుక మేటయే.

శిలలలో సాక్ష్యం

ప్రాణహిత-గోదావరి లోయలోని గోండ్వానా శిలలలో ఇదే ప్రక్రియ 25 కోట్ల సంవత్సరాలకు పూర్వమే నమోదైంది. నాటి నదుల ఇసుక ఇసుకరాయిగా, బురద షేల్‌గా, చిత్తడి మైదానాల వృక్షజాలం సింగరేణి బొగ్గుగా మారాయి. ఇసుకరాయిలోని వాలు పొరలు నాటి ప్రవాహ దిశను తెలుపుతాయి. పాయ పక్కకు జరిగిన చోట అడుగున ముతక ఇసుక, పైకి పోనుపోను సన్నని పదార్థం ఉండడం శిలలలోనూ, నేటి డెల్టా నేలలలోనూ కనిపించే క్రమం.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

పై 15 సెం.మీ. నమూనా ఆధారంగానే డెల్టా నేలను అంచనా వేయడం పొరపాటుకు దారితీస్తుంది. పైన బంకమట్టి పొర పలుచగా ఉండి దిగువన ఇసుక ఉంటే, నీరు, నత్రజని లోపలికి ఇంకి నష్టపోతాయి. పైన ఇసుక, దిగువన బంకమట్టి ఉంటే నీరు వేళ్ల వద్ద నిలిచిపోతుంది. ఈ రెండింటికీ ఒకే నీటి, ఎరువుల సిఫారసు పనికిరాదు. కాబట్టి ఆగర్‌తో కనీసం ఒక మీటరు లోతు వరకు పొరలను పరిశీలించి, పొలం పాత పాయ ఒడ్డున ఉందో, పల్లంలో ఉందో, ఇసుక దిబ్బపై ఉందో నమోదు చేయాలి.

ముగింపు

డెల్టా అవక్షేపాలు తమ బరువుకే క్రమంగా అణగుతాయి. కొత్త ఒండ్రు చేరుతున్నంత కాలమే ఆ లోటు తీరుతుంది. నేడు ఎగువ జలాశయాలు అవక్షేపాన్ని నిలిపివేస్తున్నాయి, కరకట్టలు వరద ఒండ్రును పొలాలకు చేరనీయడం లేదు. ఫలితంగా తీరం కోతకు, లోతట్టు భూములు ఉప్పునీటి ముప్పుకు గురవుతాయి. నది ఇకపై ఉచితంగా ఇవ్వని సారాన్ని సేంద్రియ ఎరువులతో, పచ్చిరొట్టతో నిలుపుకోవడం, మురుగు కాలువలను సక్రమంగా ఉంచడం డెల్టా రైతుకు తప్పనిసరి.