పదును

మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు దినములు గడచిన పిమ్మట ఒక సాయంకాలము మా యూరిమీద కుండపోతగా వాన కురిసెను. మఱునాటి యుదయమున ఆ వర్షపాతము ఇన్ని సెంటీమీటర్లని పత్రికలో అచ్చుపడి వచ్చెను. ఆ పత్రిక చేతబట్టుకొని వీథియరుగుపై కూర్చుండియున్న నేను, పొలమునుండి మరలి వచ్చుచున్న మా పొరుగింటి వృద్ధకర్షకుని గాంచి, “మంచి వాన పడినది గదా, తాతా!” అని పలుకరించితిని. ఆయన కాలికంటిన మట్టిని రాతికి రాచి, “పడింది గాని బాబూ, పదును కాలేదు. నీళ్లన్నీ వాగులోకే పోయినాయి” అని చెప్పి లోనికి వెడలిపోయెను.

ఆ మాట నాలో నేటికిని నిలిచియున్నది. కత్తియంచునకు పదునందుము, తోళ్లను పదును చేయుట యందుము, దున్నుటకును విత్తుటకును యోగ్యమైనంత తడి నేలలో నిలిచినప్పుడు దానిని గూడ పదునే యందుము. రైతు గుప్పెడు మన్ను తీసి పిడికిట బిగించి చూచును: అది జిగురుగా ముద్దకట్టి చేతికంటినచో ఇంకను ఆగవలెను, పొడియై వ్రేళ్లసందున జారిపోయినచో తడి చాలదు, ముద్దయై నిలిచి వ్రేలు తాకగానే విరిసినచో ఇక జాగుసేయక అరక కట్టవలెను, ఏలయన ఆ స్థితి కొలది దినములకు మించి నిలువదు, ఎండ కాయగా పదును ఆరిపోవును. మనస్సును గుఱించి నేను చదివిన గ్రంథములలో ఇంత సూక్ష్మమైన లక్షణము నాకు కానరాలేదు. వినుట, చదువుట, చూచుట యనునవి వానలు మాత్రమే. వానిలో ఎంత నేలలో ఇంకినది, ఇంకినది ఆరకముందే మనము ఏమి విత్తితిమి యనుదానిని బట్టియే మనుష్యుని వ్యక్తిత్వము పండుచున్నది.

వార్తల విషయమున ఈ ఇంకుట మిక్కిలి తక్కువ. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి; 1914లో మద్రాసునందు అది దినపత్రిక యయ్యెను. వారమున కొకసారి వచ్చిన కాగితమును ఏడు దినములు చదువుకొన్న నాటి పాఠకుని మొదలు, గంటకు పదిమారులు వార్త వినుచున్న మనవఱకు, వాన పెరిగినదే గాని నేల పెరుగలేదు. నేను అవలంబించిన యుపాయ మొకటి కలదు: వచ్చిన వార్తలలో ఒక్కదానిని మాత్రమే యెన్నుకొని, పత్రికలు దానిని మఱచిన తరువాతను నేను మఱువకుండుట. దాదాపు నూఱేండ్ల వయస్సుగల కృష్ణ ఆనకట్టకు 1952లో గండిపడుట కొన్ని దినముల వార్త; ఆ తావున బరాజు లేచి 1957లో పూర్తియగుట ఏండ్ల శ్రమ. మొదటిదానిని మాత్రము చదివినవానికి భయము మిగులును. రెండవదానివఱకు వెంబడించినవానికి ఓర్పు అనగా నేమో తెలియును.

భాష యట్లు కాదు. అది సన్నని ముసురు, తెలియకుండనే ఇంకును, అయితే చెవి యొగ్గినవానికే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు, పరిసరపు కొండలలోని సవరలు తమలో తాము మాటలాడుకొనుచుండగా విని, వారి నోటినుండియే ఒక్కొక్క మాటను సేకరించి, ఏండ్లకొలది శ్రమించి ఆ భాషను నేర్చి, సవరపిల్లల చదువునకై పాటుపడి, 1931లో దాని వ్యాకరణమును ప్రకటింపగలిగిరి. ఆయన వ్యావహారికమునకై పోరాడినవారు, నాకు గ్రాంథికమునందు మమత వీడలేదు. ఐనను ఆ చెవికి నేను నిత్యము నమస్కరించుచున్నాను. కూరలమ్ము స్త్రీ, పడవ నడుపు సరంగు, కోతకు వచ్చు కూలి, వీరి నోట దినమున కొక్క క్రొత్తమాటయైనను మనకు దొరకక మానదు. కోతగాండ్రు వరుసగా నిలిచి, తమ యెదుటి పైరును ఒక పట్టుగా కోసికొనిపోవు పాలును మునుము అందురు. ఈ మాట నాకు నలువదియవ యేట తెలిసినది. అన్నమును పుట్టినది మొదలు తినుచున్నాను. ఆ రాత్రి కంచము ముందు కూర్చుండి చాలసేపు చేయి పెట్టలేకపోతిని.

సంగీతమున పదును చేయు విద్య త్యాగరాజస్వామివారిది. కావేరీతీరమున తిరువయ్యాఱులో, తమిళుల నడుమ నుండి తెలుగుపలుకును పాడిన ఆ మహనీయుడు (1767–1847) పల్లవిలోని ఒకే పంక్తిని పలుమారులు వచ్చునట్లు సంగతులతో తీర్చెను. మాట మారదు, తాళము మారదు, రాగము మారదు, కాని మొదటి సంగతిలో సాదాగా నడచిన స్వరము రెండవదానిలో ఒక వంపు తిరుగును, మూడవదానిలో పైకెగయును, కడపటిదానికి వచ్చునప్పటికి అదే మాట మనము మొదట విన్న మాట కాదనిపించును. మా ప్రక్కయింటి బాలిక సంగీతము నేర్చుకొను దినములలో ఒక పల్లవినే నెలనాళ్లు సాధన చేసెను. తొలివారమున నాకు విసుగు కలిగినమాట నిజము. రెండవవారమున ఆమె తడబడు తావు నాకు తెలిసెను. నాలుగవవారమున ఒక వేకువను ఆ తావును ఆమె తడబడక దాటినప్పుడు నా యూపిరియు ఆమెతోపాటు దాటెను. కచేరీలో పది పదునైదు కీర్తనలు విన్న రాత్రులు నాకు గుర్తులేవు, ఆ వేకువ గుర్తున్నది. వినువానికిని సాధన కలదని నాడెఱిగితిని.

గ్రంథముల సంగతి క్లుప్తముగా చెప్పుదును. 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించినవారును, కృష్ణా కాలువలపై పడవలలో పుస్తకములను పల్లెలకు చేర్చినవారును, పుస్తకము చదువరి చేతికందుటకై పాటుపడిరి. అందినదానిని ఇంకించుకొనుట మన వంతు. ఒక ప్రకరణము చదివి, పుస్తకము మూసి, ఇందు నాకు మిగిలినదేమని తన్ను తానడిగికొనుటకు మించిన చదువు నాకు తెలియదు.

ఇక స్వప్నము. పదును అన్నిటికంటె త్వరగా ఆరిపోవునది ఇక్కడనే. ముఖము కడుగుకొని వచ్చులోపల సగము పోవును. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద యవతారికలో చెప్పికొన్న వృత్తాంతమును ఈ దృష్టితో చదువుడు. కళింగదండయాత్రా సమయమున, కృష్ణామండలపు శ్రీకాకుళములో ఏకాదశి యుపవాసముండిన రాత్రి నాల్గవ జామున, ఆంధ్రమహావిష్ణువు కలలో దర్శనమిచ్చి, సంస్కృతమున కృతులు రచించిన రాయలను తెలుగున గోదాదేవి కథ రచింపుమని యాదేశించెను. మేల్కాంచిన రాయలు ఆ కలను మఱునాటికి మిగుల్పలేదు. ఆ దినముననే కొలువు దీర్చి పండితులయెదుట దానిని వెల్లడించెను. మున్నే కావ్యరచనతో దున్నబడియున్న చిత్తమున ఆ కల కురిసినది, ఆరకమునుపే విత్తనమును పడినది. నా తలగడ క్రింద ఒక చిన్న పుస్తకమును, పెన్సిలును ఉండుటకు ఈ కథయే కారణము.

ఆ వృద్ధకర్షకుని మాట విన్న తరువాత పది దినములకు, రెండు రాత్రులు సన్నని ముసురు పట్టి, ఒక దినము తెరిపి యిచ్చెను. ఆ మఱునాటి తెల్లవారుజామున మా నాయనమ్మ కలలో కనుపించి, నేను ముప్పదియేండ్లుగా వినని మాట యొకటి పలికెను. దీపము వెలిగించి, పుస్తకమందుకొని, “దాలి” యని వ్రాసికొంటిని. పెరటిలోని ఆ గుంట, పిడకల నిప్పుపై దినమంతయు కాగు పాలకుండ, ఎఱ్ఱగా తేరిన మీగడ, ఆ మీగడను పక్కకు తీయునప్పటి ఆమె చేతిగాజుల చప్పుడు, ఒక్కొక్కటిగా జ్ఞప్తికి వచ్చుచుండగా వ్రాయుచునే యుంటిని. కిటికీ కావల చీకటిలో ఎద్దుల మెడగంటలు మ్రోగెను. తాత అరక కట్టుచుండెను.