తమ చోటికి సమాధానముతో

పాఠ్యభాగములు: నిర్గమకాండము 18:13–26, 1 రాజులు 21:1–16

వర్తకమును, ఖనిజములును, సమాచారమును దేశముల సరిహద్దులను దాటిపోవుచున్న దినములివి. నిర్ణయములు దూరమున జరుగుచున్నవి. వాటి భారమును మారుమూల పల్లెలు మోయుచున్నవి. రాబోవు కాలమున పరిపాలన ఎవరి చేతిలో నుండవలెను? బస్తరులోని బీజాపూరు జిల్లా ఈ ప్రశ్నకు తగిన దృష్టాంతము.

1. భారము పంచుకొనుట

మోషే ఉదయము మొదలు సాయంకాలమువరకు ఒంటరిగా న్యాయము తీర్చుచుండగా, అతని మామయగు యిత్రో అది మంచిది కాదనెను. దైవభక్తియు సత్యాసక్తియు కలిగి లంచమును ద్వేషించువారిని ఏర్పరచి, చిన్న సంగతులు వారికే విడువుమనెను. యిత్రో మిద్యాను యాజకుడు. అయినను మోషే అతని మాట వినెను. పాలకునికి వినుటయు జ్ఞానమే.

2. చట్టమును, గ్రామమును

గోండీ, హల్బీ, తెలుగు వినబడు బీజాపూరు ప్రాంతము రాజ్యాంగపు ఐదవ షెడ్యూలులోనిది. 2007లో ప్రత్యేక జిల్లా ఆయెను. 1996 నాటి పెసా చట్టము తన ఆచారములను, వనరులను, తగవులు తీర్చుకొను పద్ధతిని కాపాడుకొను సామర్థ్యము గ్రామసభకు కలదనెను. ఛత్తీస్‌గఢ్‌లో దాని నియమావళి 2022లో గాని వెలువడలేదు. ఈలోగా, 2005లో సల్వాజుడుం ఆరంభమైన పిమ్మట హింస పెచ్చుపెరిగి, పల్లెలు ఖాళీయాయెను. అనేకులు నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాకు వలసవచ్చిరి. ఆదివాసి యువకులకు ఆయుధములిచ్చి ప్రత్యేక పోలీసులుగా పోరుకు నిలుపుట రాజ్యాంగవిరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

3. నాబోతు ఊరిలోని సభ

యెజ్రెయేలులోను పెద్దలుండిరి. సభ కూడెను, సాక్షులిద్దరు నిలిచిరి. క్రమమంతయు జరిగెను, న్యాయము మాత్రము జరుగలేదు. రాజముద్రతో వచ్చిన తాకీదే పెద్దల తీర్పాయెను. కావున సభ ఊరిదైనంత మాత్రమున చాలదు. అందులో భయము లేక “కాదు” అనగల స్వేచ్ఛ యుండవలెను. తుపాకి ఎవరిదైనను, దాని నీడలో ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదు. 2007 సెప్టెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మూలవాసుల హక్కుల ప్రకటనయు స్వేచ్ఛగా, ముందుగా, సంగతి తెలిసి ఇచ్చు సమ్మతినే కోరుచున్నది. భారతదేశము దానికి అనుకూలముగా ఓటు వేసెను.

4. పరిపాలనకు పరీక్ష

యిత్రో ఆలోచన ముగింపు గమనింపదగినది (18:23): ప్రజలు తమ చోటికి సమాధానముతో చేరుదురు. మూలభాషలోని “షాలోము” అను మాటలో క్షేమమును, సంపూర్ణతయు ఇమిడియున్నవి. ఏ పరిపాలనకైనను ఇదే పరీక్ష: బీదవాడు తన యింటికి నెమ్మదితో తిరిగి చేరగలుగుచున్నాడా?

ఆలోచింపుడి

1. మన సంఘములో ఆస్తి విషయములు నిర్ణయించునప్పుడు విధవరాలు, బీద సభ్యుడు “కాదు” అనగలరా?
2. యెజ్రెయేలు పెద్దలలో ఒక్కడైనను తాకీదును ఎదిరించియున్న యెడల ఏమి జరిగియుండును?

ప్రార్థన: నీతిగల న్యాయాధిపతీ, వినగల చెవిని పాలకులకును, సత్యము పలుకు ధైర్యమును మాకును దయచేయుము. ఆమేన్.