మీ నాన్నకు బ్యాటరీ సైకిల్

ఒంగోలు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నాన్నకి అరవై ఐదు నిండుతున్నాయి కాబట్టి తేలికపాటి ఎలక్ట్రిక్ రోడ్ బైక్ ఒకటి కొనిపెడతానన్నావు. అమెరికా నుంచి అక్క వచ్చేటప్పుడు వెంట తెస్తానందని కూడా రాశావు. కొనమంటావా వద్దంటావా, ఒక్క ముక్కలో చెప్పమన్నావు. ఒక్క ముక్కలో తెమిలేది కాదురా, అందుకే ఉత్తరం. కొనమనే నా మాట. కాకపోతే నువ్వు చెప్పిన కారణానికి కాదు, అక్క తెచ్చే బండీ కాదు.

ముందు అక్క సంగతి తేల్చేద్దాం. 160 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలో చేతిసంచిలోనూ ఎక్కించనివ్వరు, పెట్టెలోనూ పెట్టనివ్వరు. నువ్వు ఫోటో పంపిన స్పెషలైజ్డ్ క్రియో ఉందే, 2019లో వచ్చిన ఆ మొదటి రకం బ్యాటరీయే 320 వాట్ అవర్లు. రెండో చిక్కు ఇంకా పెద్దది. అమెరికాలో ఆ బండి గంటకు 28 మైళ్ల దాకా, అంటే 45 కిలోమీటర్ల దాకా సాయం చేస్తుంది. మన మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు 250 వాట్ల లోపుండాలి, 25 కిలోమీటర్ల వేగం వచ్చేసరికి సాయం ఆగిపోవాలి, తొక్కడం మానితే మోటారూ మానాలి. అప్పుడే అది సైకిలు. ఆ గీత దాటితే మోటారు వాహనం కింద లెక్క: రిజిస్ట్రేషను, లైసెన్సు, ఇన్సూరెన్సు. అమెరికా నుంచి వచ్చిన ఒంటరి బండికి నంబరు ప్లేటు ఎవరిస్తారు చెప్పు?

ఇక నీ కారణం. "పండక్కి వచ్చినప్పుడు నాన్న మాతో సమానంగా తొక్కుతాడు" అన్నావు. తొక్కడు. నువ్వు హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల నీడనున్న సైకిల్ దారికి అలవాటు పడ్డవాడివి, మీ జట్టు చదునైన రోడ్డు మీద ఇరవై ఎనిమిది, ముప్ఫై వేగంతో పోతుంది. ఆ వేగంలో నాన్న మోటారు నిద్రపోతూ ఉంటుంది, చట్టమే నిద్రపుచ్చింది దాన్ని. పైగా దాని బరువు వాడు ఊరికే మొయ్యాలి. ఈ బళ్లకి ఐరోపాలో అంత పేరు రావడానికి ఒక కారణం అక్కడి కొండలు. ఎత్తెక్కేటప్పుడు ఎవరి వేగమైనా పాతిక లోపే కాబట్టి మోటారు పూర్తిగా పనికొస్తుంది. మన పల్నాటి చదునులో అలాంటి ఎత్తు ఎక్కడుంది? కోటప్పకొండ ఘాటు, కొండవీడు ఘాటు, అంతే.

మరి ఎందుకు కొనమంటున్నానంటే, గాలి కోసం. మీ నాన్న నరసరావుపేటలో బయలుదేరి గుంటూరు రోడ్డున తూర్పు ముఖంగా పోతాడు. వేసవి చివర, ఆ తర్వాత నైరుతి గాలుల నెలల్లో పడమటి గాలి వీపున తోస్తుంది, పోవడం హాయి. తిరిగి రావడమే యాతన. ఎండెక్కుతుంది, గాలి మొహాన కొడుతుంది. ఈ వయసులో మాబోటి వాళ్లం సైకిల్ మానేసేది పోలేక కాదు, రాలేమేమోనన్న భయంతో. మా ఒంగోలు వాళ్లం కొంత అదృష్టవంతులం. కొత్తపట్నం దాకా పోతే, ఎండ ముదిరేవేళకి సముద్రపు గాలి లేచి వెనక్కి అదే తోసుకొస్తుంది. వాడికి ఆ భాగ్యం లేదు.

సైన్సు మాస్టారి బుద్ధి పోదు కదా, లెక్క వేశాను. అరవై ఐదు కిలోల మనిషి పదమూడు కిలోల సైకిల్ మీద గాలి లేనప్పుడు గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో పోవడానికి సుమారు డెబ్భై వాట్లు చాలు. పది కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే అదే వేగానికి నూట ముప్ఫై దాకా కావాలి. ఆ తేడా అరవై వాట్లు మోటారు పెడితే మీ నాన్న తన డెబ్భైతోనే ఇంటికొస్తాడు. ఇరవై కిలోమీటర్ల తిరుగు దారికి, మోటారులో వృథా అయ్యేది కలుపుకుని, బ్యాటరీలో ఖర్చయ్యేది ఎనభై వాట్ అవర్ల పైచిలుకు. తేలిక బళ్లలో వాడే మాలే ఎక్స్35 లాంటి సరంజామా మోటారూ బ్యాటరీ కలిపి మూడున్నర కిలోలే, బ్యాటరీ 250 వాట్ అవర్లకి కాస్త తక్కువ. మూడో వంతుతో పని అయిపోతుంది. ఇంత పెద్ద బ్యాటరీ, అంత దూరం అని షాపువాడు ఊదరగొడితే ఈ లెక్క గుర్తుంచుకో.

అదే లెక్క ఇంకో మాట చెబుతుంది, అది నీకు నచ్చదు. చదునైన రోడ్డు మీద ఎనిమిది కిలోల బరువు తగ్గిస్తే మిగిలేది రెండు మూడు వాట్లు. కోటప్పకొండ ఎక్కుతుంటే పది నుంచి పదమూడు వాట్లు మిగులుతాయి గానీ వాడు రోజూ కొండెక్కడు గదా. కాబట్టి పదమూడు కిలోల బండిని పన్నెండు చేసే కార్బన్ ఫ్రేముకి లక్షలు పొయ్యొద్దు. అల్యూమినియం చాలు.

అలాగని ఇరవై మూడు కిలోల మామూలు బ్యాటరీ సైకిలూ తేవద్దు. నేను నడిపేది అదే, దాని గుణం తెలుసు. లావు టైర్లు, నిటారు కూర్చోవడం, చాలని గేర్లు. బ్యాటరీ అయిపోతే ఈడ్చుకు రావడం బురదలో దున్నపోతును తోలినట్టే. మోటారు ఆపి తొక్కాలనిపించదు, అందుకే ఎప్పుడూ ఆపను, అందుకే నా కాళ్లకి కసరత్తు తక్కువ. మా జట్టులో రిటైరైన డాక్టరు గారొకరికి తేలికది ఉంది. ఆయన పోయేటప్పుడు మోటారు ముట్టుకోడు, వచ్చేటప్పుడే వేస్తాడు. తేలిక బండికి పెట్టే డబ్బు ఈ వెసులుబాటు కోసం. తొక్కాలని ఇంకా ఉన్నవాడికే అది దక్కుతుంది. కూర్చుని పోవాలనుకునేవాడికి బ్యాటరీ స్కూటరే మేలు. మీ నాన్న మొదటి రకమని నా నమ్మకం, నువ్వూ ఒకసారి అడిగి చూడు.

ఇంకో సంగతి, మీ ఇల్లు మేడ మీద. తేలిక బళ్లలో బ్యాటరీ ఫ్రేములోనే ఉంటుంది, విడిగా ఊడదీసి చార్జింగు పెట్టుకోవడం చాలావాటిలో కుదరదు. సైకిలే ప్లగ్గు దగ్గరికి రావాలి. పదమూడు కిలోలు వాడు మెట్లెక్కించగలడు, ఇరవై మూడు ఎక్కించలేడు. కింద రేకుల షెడ్డులో వదిలెయ్యనివ్వకు. రెంటచింతల వేడి మీకు కొత్త కాదుగా, మే నెలలో రేకుల కింద ఆ లిథియం త్వరగా ముసలిదవుతుంది. ఎండలో తిరిగొచ్చిన వెంటనే చార్జింగు పెట్టకుండా, చల్లబడ్డాక రాత్రి పెట్టమను.

"మోటారుంటే వ్యాయామం ఏముంటుంది" అని మీ అమ్మ అంటుంది, ముందే చెబుతున్నా. 2019లో ఇంగ్లండులో రీడింగ్, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ విశ్వవిద్యాలయాల వాళ్లు యాభై దాటిన వాళ్లని, ఎనభై మూడేళ్ల వాళ్ల దాకా, ఎనిమిది వారాలు తొక్కించి చూశారు. వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున. బుర్ర చురుకులోనూ మనసు కులాసాలోనూ బ్యాటరీ సైకిల్ వాళ్లేం వెనకబడలేదు. ఇది అమ్మకి చెప్పు. మీ నాన్నకి మాత్రం ఇంకో దేశం సంగతి చెప్పు: నెదర్లాండ్స్‌లో 2017లో రోడ్ల మీద కార్లలో 201 మంది పోతే సైకిళ్ల మీద 206 మంది పోయారు. ఆ 206లో నాలుగో వంతు బ్యాటరీ సైకిళ్ల వాళ్లు, అందులోనూ పెద్దవాళ్లే ఎక్కువ. అంత చక్కటి సైకిల్ దారులున్న దేశంలోనే అలా ఉందంటే, పత్తి బోరేలు రెండు పక్కలా పొంగిన ట్రాక్టర్లు, యార్డుకు మిర్చి టిక్కీలతో పరుగెత్తే లారీలు తిరిగే మన రోడ్ల మీద ఎంత జాగ్రత్త కావాలి? హైవే మీద సర్వీసు రోడ్డు వదలొద్దని చెప్పు. హెల్మెట్ లేకుండా గడప దాటనివ్వకు.

బండి ఎంచేటప్పుడు టైరు చూడు. ఇరవై ఐదు మిల్లీమీటర్ల సన్నటి టైరు మన నల్లరేగడి మీద వేసిన రోడ్లకి పనికిరాదు. వానకి ఉబ్బి, ఎండకి బిగిసి ఆ నేల తారునే అలలు తేలుస్తుంది. మా నాన్న పొలానికి తొక్కిన నల్ల సైకిల్ టైరు ఒకటిన్నర అంగుళం వెడల్పు, ఊరికే పెట్టలేదు. ముప్ఫై ఐదు మిల్లీమీటర్లన్నా పట్టే ఫ్రేము తీసుకో. ఆపైన సర్కారు కంప ముళ్లు. మోటారున్న వెనక చక్రం ఊడదియ్యడం మన సైకిల్ షాపు కుర్రాడికి అంత తేలిక కాదు, తీగె ఉంటుంది. ముల్లు దిగినా తనంతట పూడిపోయే ద్రవం పోసిన ట్యూబ్‌లెస్ టైర్లే వేయించు. వంకీ హ్యాండిల్ వాడి మెడకి, నడుముకి సరిపడుతుందో లేదో నువ్వూ నేనూ ఊహించలేం. తిన్నని హ్యాండిల్ అయితే బ్రేకులు ఎప్పుడూ చేతి కిందే ఉంటాయి, నా మొగ్గు దానికే.

గుండె డాక్టరుని ఒకసారి కలవమను. వాడు వేసుకునే బీపీ మాత్రల్లో కొన్ని గుండె వేగాన్ని పెరగనివ్వవు. చేతి గడియారం చూపే అంకెని నమ్మి ఇంకా తొక్కొచ్చు అనుకుంటాడు.

ఎవరికీ చెప్పకుండా కొని ఆశ్చర్యపరుద్దామని చూడకు. సంక్రాంతికి నరసరావుపేట నేనూ వస్తాను. వాణ్ణి గుంటూరో విజయవాడో తీసుకుపోయి, ఏది దొరికితే అది ఎక్కించి, కాలు ఇటు నుంచి అటు వెయ్యగలుగుతున్నాడో లేదో చూద్దాం. నువ్వు చెయ్యాల్సింది ఒకటే, వచ్చేలోగా హైదరాబాదులో ఆ మోటారుకి విడిభాగాలు ఎవరి దగ్గర దొరుకుతాయో, చెడితే ఎన్నాళ్లకి బాగుచేసిస్తారో కనుక్కుని రా. దానికి సరైన జవాబు చెప్పలేని షాపులో ఎంత తేలిక బండి ఉన్నా కొనొద్దు.

మీ పెద్దమ్మ దీవెనలు చెప్పమంది.

పెదనాన్న