కొండమీద బస: గనుల ఊరు నేర్పిన క్రమశిక్షణ

గోదావరిఖనిలో, రామగుండంలో, సెంటినరీ కాలనీలో పెరిగిన పిల్లలు ఇప్పుడు హిమాలయాల దాకా వెళ్తున్నారు. కొందరు ట్రెక్కింగ్‌కు, కొందరు దేశదేశాల యువత కలిసే శిబిరాలకు. కొండమీది అతిథిగృహంలో పక్క మంచం జపాన్ వాళ్లదో, జర్మనీ వాళ్లదో అయ్యేసరికి "నాకు ఇంగ్లిష్ అంతంతమాత్రం, వీళ్లతో ఎట్లా మెలగాలి?" అని జంకుతారు. జంకకండి. అక్కడ భాష కన్నా ముందు అక్కరకొచ్చేది క్రమశిక్షణ. సింగరేణి బొగ్గుగని కార్మికుల ఇళ్లలో అది చిన్ననాడే అలవడుతుంది.

చెప్పి వెళ్లండి, వచ్చి చెప్పండి

గనిలోకి దిగే కార్మికుడు మస్టర్‌లో హాజరు వేయించుకోవాలి, ల్యాంప్‌రూంలో క్యాప్‌ల్యాంప్ తీసుకోవాలి, షిఫ్ట్ అయ్యాక అప్పగించాలి. ల్యాంప్ వాపసు రాలేదంటే మనిషి ఇంకా పైకి రాలేదేమోనని ఆరా తీస్తారు. కొండమీదా ఇదే పద్ధతి. నడకకు బయల్దేరే ముందు ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో అతిథిగృహం వాళ్లకు చెప్పండి. రాగానే వచ్చామని చెప్పండి. మీరు చెప్పకపోతే చీకట్లో మీకోసం వెతికేది వాళ్లే.

ఒంట్లో నలతను దాచకండి

లేహ్ పట్టణం దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి పీడనం సముద్రమట్టం దగ్గరి పీడనంలో మూడింట రెండు వంతులే. అందుకే విమానం దిగాక మొదటి రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలి. మద్యం జోలికి పోకూడదు. తలనొప్పి, వికారం మొదలైతే ఇంకా పైకి ఎక్కకూడదు. అవి ముదిరినా, నడక తడబడినా వెంటనే కిందికి దిగాలి. అందరూ ఎక్కుతుంటే ఆగిపోవడం నామోషీ అనుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది.

ఎత్తుకు ముందుగానే సిద్ధపడాలి కూడా. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. ఆమె, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ భువనగిరి బండల మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ పొందాకే అంత ఎత్తుకు వెళ్లారు. మీరూ ముందు మన దగ్గరి రామగిరి ఖిల్లాను సంచి బరువుతో ఎక్కి చూడండి. కొత్త బూట్లు కరుస్తాయో లేదో అక్కడే తేలిపోతుంది.

పక్కవారి నిద్ర పవిత్రం

నైట్ షిఫ్ట్ చేసొచ్చిన నాన్న పగలు పడుకుంటే, రెండు గదుల క్వార్టర్‌లో పిల్లలు టీవీ గొంతు తగ్గిస్తారు, గిన్నె చప్పుడు కానివ్వరు. పదిమంది పడుకునే గదిలో ఈ సంస్కారమే కావాలి. తెల్లవారుజామున బయల్దేరాలంటే సంచి రాత్రే సర్దిపెట్టుకోండి. లైటు నేలకు పట్టి నడవండి. ఫోన్ మాటలు గది బయటే.

1909లో జర్మనీ బడిపంతులు రిచర్డ్ షిర్మాన్ తన బడి పిల్లలతో గాలివానలో చిక్కుకుని ఒక బడిలో తలదాచుకున్నాడు. ఇలా పదిమంది ఒకే గదిలో పడుకునే యూత్ హాస్టళ్ల ఆలోచన ఆ రాత్రి పుట్టింది. పక్క తానే సర్దుకోవడం, పనిలో చేయి కలపడం ఆ హాస్టళ్ల ఆచారం. "డబ్బు కట్టాం కదా" అనే మాట మనసులోకి కూడా రానివ్వకండి.

వంటింటిని తొందరపెట్టొద్దు

లేహ్ ఎత్తులో నీళ్లు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకపోతే పప్పు ఓ పట్టాన ఉడకదు. కాబట్టి మీరేం తినరో చేరకముందే చెప్పండి, భోజనం ఆలస్యమైతే ఓపిక పట్టండి. గదిలో చేరేటప్పుడూ అంతే: విదేశీయులు దిగితే వాళ్ల వివరాలను అతిథిగృహం వాళ్లు 24 గంటల్లోగా అధికారులకు పంపాలి. వాళ్ల పాస్‌పోర్టులు చూసేదాకా మీరూ విసుక్కోకుండా ఆగండి.

ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ ఆ విదేశీయులకూ పెట్టండి, కారమని ముందే చెప్పి. జీతమెంత, పెళ్లయిందా అన్న ప్రశ్నలు మన దగ్గర ఆప్యాయత. తొలి పరిచయంలో వాళ్లకవి ఇబ్బంది. బదులుగా మన ఊరి గురించి చెప్పండి. భూమి లోపల బొగ్గు ఎలా తీస్తారో వినడానికి ఎవరైనా చెవి ఒగ్గుతారు.

ఒక హెచ్చరిక మాత్రం మరవొద్దు. చలికి తాళలేక మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గనిలో గ్యాస్ పరీక్ష ఎందుకు చేస్తారో తెలిసిన ఇంటి పిల్లలు మీరు. పక్కగదిలో ఎవరైనా కుంపటి వెలిగిస్తే మొహమాటపడకుండా ఆపండి. మీకు వచ్చిన నాలుగు ఇంగ్లిష్ ముక్కలు అందుకు చాలు.