నాబోతు తోట – కాంగో అడవి

చదువవలసిన భాగము: 1 రాజులు 21వ అధ్యాయము



గత మాసములో ఒక సాయంకాల కూటము ముగిసిన తరువాత మన సంఘ యౌవనుడొకడు నన్ను ఆపి, "అయ్యగారూ, బలహీన దేశములను దోచుకొన్న రాజులలో అనేకులు క్రైస్తవులమని చెప్పుకొన్నవారే గదా! ఎవరైన అడిగితే మనమేమి జవాబు చెప్పవలెను?" అనెను. "వారు పేరునకే క్రైస్తవులు, బాబూ" అని చెప్పి నేను ఇంటికి వెళ్లితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చెప్పినది అబద్ధము కాదు గాని అది తప్పించుకొనువాని మాట. ఆ యౌవనునికి నేను బాకీపడియున్నాను. ఆ బాకీ తీర్చుకొనుటకే ఈ నెల పాఠమును వ్రాయుచున్నాను.

నాబోతు తోట ఎట్లు పోయెను?

యెజ్రెయేలులో నాబోతునకు ఒక ద్రాక్షతోట ఉండెను. రాజనగరునకు ఆనుకొనియుండుటయే దానికి వచ్చిన చేటు. అహాబు రాజు మొదట మర్యాదగానే అడిగెను. దానికి బదులు మంచి తోటనైనను రొక్కమునైనను ఇచ్చెదననెను. అది తన పితరుల ఆస్తి గనుక నాబోతు ఒప్పుకొనలేదు. తరువాత జరిగినదానిలో మూడు సంగతులు గమనించుడి.

మొదటిది, ముద్ర. యెజెబెలు రాజు పేరట తాకీదులు వ్రాసి, రాజముద్ర వేసి పంపెను. చూచువారికి అంతయు చట్టప్రకారమే జరిగినట్లుండెను. రెండవది, ముసుగు. ఆ తాకీదులలో మొదటి ఆజ్ఞ ఉపవాసదినము చాటింపుడనునదే. దోపిడికి భక్తి వేషము వేసిరి. మూడవది, దూరము. అహాబు తన చేతితో ఒక్క రాయియైనను విసరలేదు. ఆ పని ఊరి పెద్దలు చేయించిరి. తోటను స్వాధీనము చేసికొనుటకు మాత్రమే ఆయన లేచి వచ్చెను.

ఒక మనిషి తోట ఎట్లు పోయెనో, ఒక దేశమంతయు అట్లే పోవుట మన తాతముత్తాతల కాలములో జరిగెను. అది ఆఫ్రికా ఖండము నడుమనున్న కాంగో దేశము.

కాంగోలో ముద్ర

బెల్జియము ఐరోపాలో ఒక చిన్న దేశము. దాని రాజైన 2వ లియోపోల్డు తనకును ఆఫ్రికాలో భూమి కావలెనని ఆశించెను. స్టాన్లీ అనునతడు 1879 మొదలు 1884 వరకు ఆ రాజు పనిమీద కాంగో నది వెంబడి తిరిగి, అక్కడి గ్రామాధిపతులచేత కాగితములమీద గుర్తులు పెట్టించెను. ఆ కాగితములలోని భాష వారికి రాదు. కొన్ని బట్టలును చిన్న కానుకలును పుచ్చుకొని, తమ నేలను వదులుకొనుచున్నామని ఎరుగకయే వారు గుర్తులు పెట్టిరి. 1884 నవంబరు మొదలు 1885 ఫిబ్రవరి వరకు బెర్లిను పట్టణములో గొప్ప రాజ్యములవారు కూడి ఆఫ్రికాను గూర్చి మాటలాడుకొనిరి. ఆ సభలో ఆఫ్రికా మనిషి ఒక్కడును లేడు. ఆ సంవత్సరమే బెల్జియముకంటె 70 రెట్లకు పైగా పెద్దదైన ఆ దేశము ఒక్క రాజునకు సొంత ఆస్తివంటిదాయెను.

ఖాళీగా నున్న భూములన్నియు ప్రభుత్వమువే యని 1885లోనే చట్టము చేసిరి. మన ఊరి పశువుల బీడుమీద ఎవరి పేరును లేదు. అందుచేత అది ఎవరిదియు కాదందుమా? వారి అడవియు అట్టిదే. వేటయు, వంటచెరకును, మందుచెట్లును అక్కడనే గదా!

కాంగోలో ముసుగు

బానిసల వ్యాపారమును మాన్పించి ఆ ప్రజలకు నాగరికత నేర్పుటయే తన కోరిక యని లియోపోల్డు చెప్పుకొనెను. 1889–90లో బానిసత్వమును ఖండించు సభ ఆయన ముఖ్యపట్టణమైన బ్రస్సెల్సులోనే జరిగెను. ఆ దేశమునకు పెట్టిన పేరు "కాంగో స్వతంత్ర రాజ్యము"!

1888లో డన్‌లప్ అనునతడు గాలి నింపెడు సైకిలు టైరును చేసెను. పిమ్మట మోటారు కార్లు వచ్చెను. రబ్బరునకు లోకమంతట గిరాకి పెరిగెను. కాంగో అడవిలో రబ్బరు పాలిచ్చు తీగలు విస్తారముగా ఉండెను. ప్రతి పురుషుడును ఇంత రబ్బరు తెచ్చి తీరవలెనని నిర్ణయించిరి. తెచ్చువరకు వాని భార్యను బందీగా పెట్టుకొనుచుండిరి. తేని గ్రామములమీదికి సైనికులను పంపిరి. ఖర్చుచేసిన ప్రతి తూటాకును లెక్క చూపుటకై ఆ సైనికులు చంపినవారి కుడిచేతులను నరికి తెచ్చుచుండిరి. కొన్నిసార్లు బ్రదికియున్నవారి చేతులును నరికిరి. పురుషులు అడవిలో నుండుటవలన పొలములు బీడుపడెను. కరవును రోగములును వచ్చెను. ఈ విధముగా లక్షలాది జనులు నశించిరి.

కాంగోలో దూరము

లియోపోల్డు తన జీవితకాలములో ఒక్కసారియైనను కాంగో నేలమీద అడుగుపెట్టలేదు. ఆ లాభముతో ఆయన బెల్జియములో గొప్ప కట్టడములు కట్టించెను. వాటిని చూచి సంతోషించిన జనులకు ఆ చేతులు కనబడలేదు. టైరు కొన్నవానికిని కనబడలేదు.

తోటలో ఎదురైనవారు

అహాబు తోటలోనికి రాగానే ఏలీయా అక్కడ ఎదుట నిలిచెను. కాంగోలోను అట్లు నిలిచినవారున్నారు.

విలియమ్ షెపర్డు అమెరికాలోని నల్లజాతివాడు, ప్రెస్బిటేరియను మిషనరీ. 1899లో ఆయన ఒక దండు విడిదికి వెళ్లి చూడగా, అధికారులకు చూపుటకై కుడిచేతులను నిప్పుమీద ఆరబెట్టుచుండిరి. ఆయన వాటిని లెక్కించెను; 81 ఉండెను. 1908లో ఆయన ఆ జనుల దురవస్థను గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. అది మన యీ పత్రికవంటి చిన్న మిషను పత్రికలోనే వచ్చెను. రబ్బరు కంపెనీ దావా వేసెను. 1909లో న్యాయస్థానము ఆయనను విడిచిపెట్టెను.

1904లో న్సాలా అను తండ్రి, చంపబడిన తన చిన్న కుమార్తెయొక్క చేతిని పాదమును ఆకులో చుట్టుకొని మిషను బంగళాకు వచ్చెను. అక్కడనున్న ఆలిస్ హారిస్ దొరసానిగారు అతని ఫోటో తీసెను. అట్టి చిత్రములను అనేక సంఘములలో దీపపు తెరమీద చూపించిరి.

మోరెల్ అనునతడు ఓడల కంపెనీలో గుమాస్తా. ఆంట్వర్పు రేవులో లెక్కలు చూడగా, కాంగోనుండి రబ్బరును దంతమును వచ్చుచుండెను. కాంగోకు ముఖ్యముగా తుపాకులును తూటాలును పోవుచుండెను. ఇది వ్యాపారము కాదని అతడు లెక్కల పుస్తకములోనే కనిపెట్టెను.

వీరందరికంటె ముందు సాక్ష్యమిచ్చినవారు కాంగోవారే. చివరకు రాజు తానే ఒక విచారణ సంఘమును పంపవలసివచ్చెను. దాని యెదుటికి లొంటులు అను గ్రామాధిపతి 110 పుల్లలు తెచ్చి బల్లమీద పెట్టెను. ఒక్కొక్క పుల్ల చంపబడిన ఒక్కొక్క మనిషి. పెద్దలు, పురుషులు, స్త్రీలు, పిల్లలు అని నాలుగు కుప్పలు వేసి, పుల్ల పుల్లకు పేరు చెప్పెను. 1908లో ఆ దేశము రాజు చేతినుండి బెల్జియము ప్రభుత్వము చేతికి పోయెను. వెట్టి అంతటితో అంతము కాలేదు. 1960 జూన్ 30న కాంగోకు స్వాతంత్ర్యము వచ్చెను. బెల్జియము రాజు ఆ గతమును గూర్చి విచారము తెలుపుటకు 2020 వరకు పట్టెను.

ఒక సంగతి దాచకూడదు. మిషనరీలలోను అనేకులు చాలకాలము మౌనముగా ఉండిరి. బంగళాకు స్థలము ఇయ్యవలసినది ఆ ప్రభుత్వమే గదా!

ఆ యౌవనునికి నా జవాబు

బాబూ, నేను "పేరునకే క్రైస్తవులు" అని వారిని మననుండి బయటికి నెట్టివేసితిని. ఏలీయా అట్లు చేయలేదు. అహాబు పేరునకే ఇశ్రాయేలీయుడని చెప్పి ఆయన ఇంటిలో కూర్చుండలేదు. తోటకు వెళ్లి వాని పాపమును వానికి చూపెను. వారు మనవారు కారని అనుకొన్నయెడల పశ్చాత్తాపపడుటకు ఎవరును మిగులరు. వారు మనవారే. అందుచేత దోపిడిని దోపిడియని చెప్పవలసిన బాధ్యతయు ముందుగా మనదే.

మన దేశముకూడ 1947 వరకు పరుల చేతిలో నున్నది గనుక మనము ఎప్పుడును నాబోతు పక్షమేనని అనుకొందుము. గాని నేడు మన జేబులోని సెల్‌ఫోనును చూడుడి. దాని బ్యాటరీలో వేయు కోబాల్టు అను లోహములో, ప్రపంచమంతట త్రవ్వునదానిలో సగముకంటె ఎక్కువ కాంగోనుండియే వచ్చుచున్నది. అక్కడ కొన్ని గనులలో పిల్లలును మట్టి మోయుచున్నారు. కాంగోలో పాస్టరుగారి కుమారుడైన డాక్టరు డెనిస్ ముక్వెగే 2018లో నోబెలు శాంతి బహుమానము పొందినప్పుడు, ఆ ఖనిజముల వెనుకనున్న బాధను గూర్చి లోకము నెదుట మాటలాడెను. దూరము మనలనుకూడ అహాబు పక్కన కూర్చుండబెట్టగలదు.

ఫోను పారవేయుమని నేను చెప్పుట లేదు. పాడుకాని ఫోనును కొత్తదానికొరకు మార్చకుందము. చదువురానివారు వేలిముద్ర వేయుటకు ముందు ఆ కాగితమును వారికి చదివి వినిపించుట మన సంఘ యౌవనుల పనిగా పెట్టుకొందము. కూలిని పూర్తిగా ఇత్తము (యాకోబు 5:4). తూనికలో మోసము చేయకుందము (లేవీయకాండము 19:35–36). చిన్న కొలతలో అన్యాయము చేయువాడు పెద్ద రాజ్యముల అన్యాయమును ఖండించలేడు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. యెజ్రెయేలు పెద్దలు రాజముద్రను చూచి లోబడిరి. వారి స్థానములో మనముంటే ఏమి చేసియుందుము?
2. మన ఊరిలో ఎవరి భూమియైనను కూలియైనను కాగితముచాటున పోవుచున్నదా? ఆ సంగతి తెలిసియు మనము ఎందుకు ఊరకున్నాము?
3. లొంటులు పేరు పేరున చెప్పుటలో ఏమి మేలున్నది?

ప్రార్థన

న్యాయాధిపతివైన తండ్రీ, నాబోతు రక్తమును నీవు మరువలేదు. ఆ 110 పేర్లును నీవెరుగుదువు. కాంగోలోని మా సహోదరులను కాపాడుము. మేము చూడనొల్లని చేతులను మాకు చూపుము. మాటలాడవలసినచోట మౌనముగా నుండిన మా పాపమును క్షమించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.